గోడకి మైకు

చర్చి సంఘంలో ఆమెను అందరూ మిషనక్క అంటారు. కొత్తగా వచ్చినవాళ్లు ఏదో పెద్ద మిషన్‌లో సేవ చేసిన మనిషి కాబోలనుకుని తెగ వందనాలు చెప్పేవారు. అదేం కాదు, ఆమెకున్నది కుట్టుమిషను. మందిరం తెరలు, పాటలు పాడేవాళ్ల తెల్లబట్టలు అన్నీ ఆమె కుట్టినవే.

ఆమె మొగుడు ఇంకో ఆవిడతో వెళ్లిపోయాడు. ఆ సంగతి కన్నతల్లికి కూడా చెప్పలేదు. కడుపులో దాచుకోలేక ఒక్క అమ్మగారికి, అదే పాస్టరుగారి భార్యకు, చెప్పుకుంది.

"ఎవరికీ చెప్పకండి అమ్మగారూ."

"అయ్యో, నాకు చెప్తే గోడకి చెప్పినట్టే కదమ్మా!"

ఆ గోడకి మైకు ఉందని తట్టలేదు, పిచ్చిమాలోకం! ఆదివారం ప్రార్థన అంశాలు చదువుతూ అమ్మగారు గొంతు తగ్గించి మరీ చెప్పింది: "మన మిషనక్క భర్త దారితప్పి పరాయి స్త్రీతో వెళ్లిపోయాడు. భారంతో ప్రార్థిద్దాం." గొంతు తగ్గిస్తే ఏం లాభం, మైకు తగ్గలేదుగా. నలభై తలలు ఒక్కసారి వెనక్కి తిరిగాయి. రోడ్డు మీద ఒకడు సైకిలు ఆపి మరీ విన్నాడు. భారమట, భారం! మోసేది ఎవరట?

మిషనక్క లేచి వచ్చేసింది. చచ్చినా ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది.

మొదటి ఆదివారం ఇల్లు కడిగి, గ్లాసులు తుడిచి పెట్టింది. ఎవరో ఒకరు రాకపోతారా, వస్తే గుమ్మంలోనే దులిపేద్దామని మాటలు కూడా సిద్ధం చేసుకుంది. రెండో ఆదివారానికి ఆ మాటల్లో సగం మర్చిపోయింది. మూడో ఆదివారం తలుపు చప్పుడైతే పరుగున వెళ్లింది. జాకెట్టు వదులు చేయమని పక్కవీధి ఆవిడ వచ్చింది. ఆవిడ వెళ్లాక మిషను ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. తిట్టడానికైనా ఒక మనిషి ఉండొద్దూ!

నాలుగో వారం సిగ్గు విడిచి తనే వెళ్లింది. "ఏంటక్కా, ఒంట్లో బాగోలేదా?" అని అమ్మగారే అడిగింది, ఏమీ ఎరగనట్టు. వెనక బెంచీ ముసలామె మాత్రం కాస్త జరిగి, పాటల పుస్తకం పేజీ తీసి ఒళ్లో పెట్టింది.

"నీ చోట్లో ఎవర్నీ కూర్చోనివ్వలేదే" అంది.

ముసలామె ఇల్లు రెండు వీధుల అవతలే. చోటు కాచింది గానీ వచ్చి పలకరించలేదు. మిషనక్కకు ఒళ్లు మండింది, కళ్లూ నిండాయి.

ఇంతలో మైకులో అంశాలు మొదలయ్యాయి. "ఆసుపత్రిలో మందులు పోయాయని మన నర్సమ్మను పనిలోంచి తీసేశారు. భారంతో..."

మళ్లీ తలలు తిరిగాయి. అందరికంటే ముందు తిరిగింది మిషనక్కదే. "ఆ మందులు నిజంగానే తీసి ఉంటుందంటావా?" అని ముసలామె చెవిలో అడిగింది కూడా. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలిసేసరికి నాలుక కరుచుకుంది.

నర్సమ్మ లేచి, ఎవరి ముఖమూ చూడకుండా తలుపు వైపు నడిచింది. బెంచీ దాటబోతుంటే మిషనక్క చటుక్కున చెయ్యి పట్టుకుంది.

"వదులక్కా. ఇంకెప్పుడూ ఇక్కడికి రాను."

"నేనూ తిరిగి చూశాను, వీళ్లలాగే. తిట్టుకో. కానీ కూర్చో" అంటూ మిషనక్క జరిగింది. "మూడు ఆదివారాలు గ్లాసులు తుడిచి పెట్టుకుని ఎదురుచూశాను తల్లీ. ఒక్కరూ రాలేదు. నువ్వూ రాలేదు."

నర్సమ్మ తల దించుకుని కూర్చుంది.