పన్నెండో సూది

నేను ఒక సూదిని. బట్టలు కుట్టేదాన్ని కాదు, మందెక్కించేదాన్ని అసలే కాదు. వెంట్రుకంత సన్నగా ఉంటాను. ఆక్యుపంక్చర్ వైద్యంలో మనిషి ఒంటికి గుచ్చడానికి పుట్టాను. ఎక్కడో ఒక కార్ఖానాలో ఉక్కు తీగను సాగదీసి, కోసి, మొన తేల్చి, కాగితం పొట్లంలో మూసేశారు. మా జాతికి ఆయుష్షు ఇరవై నిమిషాలు. ఒకసారి గుచ్చి తీశాక పారేయాల్సిందే. అంత చిన్న బతుకులో మనుషుల గురించి ఏం తెలుస్తుందంటారా? మనుషుల అజాగ్రత్త పుణ్యమా అని నాకు ఒక రోజంతా దొరికింది.

నరసాపురంలో ఒక డాక్టరమ్మ నన్ను సువార్తమ్మ తలలో గుచ్చింది. పక్షవాతం వచ్చి ఆవిడ కుడిచెయ్యి పడిపోయి మూడు నెలలు. ఆ చేత్తోనే నలభై ఏళ్ళు లేసు అల్లిన మనిషి.

"సూది ఒక్కటే చాలదు. చెయ్యి పని చేస్తూ ఉంటేనే మెదడు కొత్త దారి వెతుక్కుంటుంది" అని సువార్తమ్మ కొడుకు ప్రభుదాసుకు డాక్టరమ్మ చెప్పింది. అతను తల ఊపాడు. తల ఊపడానికి మెదడుతో పనిలేదని నాకు అప్పుడే తెలిసింది.

గుచ్చినవి పన్నెండు. తీసే అమ్మాయి ఫోనులో ఎవరిదో పెళ్ళిభోజనం గురించి మాట్లాడుతూ పదకొండే తీసింది. జుట్టులో నేను మిగిలిపోయాను. అలాగే ఆటో ఎక్కి ఆవిడతో ఇంటికి వెళ్ళాను.

ఆ ఇంట్లో పడిపోయిన చేతికి జరిగే మర్యాద చూడాలి. కింద దిండు, పైన దుప్పటి. కోడలు కరుణ అన్నం కలిపి ముద్దలు పెడుతుంది.

"నేను తింటానే."

"మేమున్నది దేనికత్తయ్యా? నోరు తెరవండి."

చూడవచ్చిన పక్కింటి మరియమ్మ "కోడలంటే నీ కోడలే వదినా" అని మెచ్చుకుంది. పావురం రక్తం రాస్తే నరం లేస్తుందని కూడా చెప్పింది. అప్పటికే రాశారట, రెండు పావురాలది. చక్కగా ఎగిరేవాటిని చంపి, కదలని చేతికి పూశారు. మొన నాకుంది గానీ, పొడిచే పని మనుషులదే.

సువార్తమ్మ తన లేసు సూది అడిగింది. ప్రభుదాసు దాన్ని ఎప్పుడో బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"ఈ స్థితిలో తల్లి చేత పని చేయిస్తన్నాడని పేటలో అనుకోరా? రాణీలా పడుకోవే అమ్మా."

రాణులు ఎప్పుడూ పడుకునే ఉంటారని అతని నమ్మకం.

మధ్యాహ్నం అందరూ కునుకు తీశారు. ఆవిడ దిండు మీద తల తిప్పగానే నేను చురుక్కుమన్నాను. ఎడమచేత్తో తడిమి నన్ను లాగింది. కేక వేస్తుందనుకున్నాను, వేయలేదు. కిటికీ వెలుగులో పెట్టి చూసింది. తర్వాత కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించింది. జారిపోయాను. మళ్ళీ ఇరికించింది, మళ్ళీ జారాను. మూడోసారి దుప్పటి మడతల్లో పడితే చాలాసేపు వెతికింది. నాలుగోసారి ఆ రెండు వేళ్ళూ వణుకుతూ మూసుకున్నాయి. వదల్లేదు. నలభై ఏళ్ళ పని ఆ చేతిలో ఎక్కడో మూలన కూర్చునే ఉంది, పిలిచేవాళ్ళు లేక ఊరుకుంది.

మర్నాడు ఆవిడ నన్ను కాగితంలో చుట్టి తెచ్చింది. డాక్టరమ్మ ఎదుట విప్పి, కుడివేళ్ళతో పట్టుకుని చాచింది.

"పన్నెండు గుచ్చి పదకొండు తీశారు డాక్టరమ్మ గారూ. ఇదిగోండి మిగతాది."

డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. తప్పయిపోయిందంది. తర్వాత నన్ను వదిలి ఆ వేళ్ళనే చూస్తూ ఉండిపోయింది.

ప్రభుదాసు ముందుకొచ్చాడు. "పావురం రక్తం బాగా పట్టిందండీ."

"పావురమేంట్రా నీ మొహం. నా సూది నాకియ్యి."

"జనం ఏమంటారే?"

"నిన్ను చదివించడానికి పొద్దస్తమానం అల్లినప్పుడు ఏమన్నార్రా జనం?"

అతను జేబులోంచి బీరువా తాళంచెవి తీసి, అలవాటుగా ఆవిడ ఎడమచేతిలో పెట్టబోయాడు. ఆవిడ ఎడమచెయ్యి వెనక్కి తీసుకుంది. కుడిచెయ్యి అక్కడికి చేరేదాకా అతను అలాగే నిలబడాల్సి వచ్చింది.

నన్ను వాడేసిన సూదుల డబ్బాలో వేశారు. ఇక్కడ ప్రతి సూదీ ఫలానా మనిషిని నేనే లేపానని గొప్పలు చెప్పుకుంటోంది. మనుషుల సావాసం మరి. నాకు తెలిసింది ఒక్కటే. నాలుగోసారి కూడా నేను జారిపోయి ఉంటే, ఆవిడ అయిదోసారి పట్టుకునేది.