ఈవిడతో చెప్పండి

మా కాలనీ సంఘంలో మీటింగ్ అంటే మగవాళ్ళకి చర్చ, నాకు కప్పులు. వాళ్ళు తీర్మానాలు చేసేసి, కుర్చీలు ఎక్కడివక్కడ వదిలేసి వెళ్ళిపోతారు. నేను టీ మరకలు తుడిచి, కుర్చీలు పేర్చి, తాళం వేసుకుని ఇంటికెళ్ళి వంట మొదలుపెడతాను. "ఇంట్లో ఊరికే కూర్చోవడం కన్నా నలుగురిలో ఉన్నట్టుంటుంది కదా" అని మా ఆయన ఒకసారి అన్నారు, అప్పటినుంచీ ఇదే వరస. ఇంట్లో ఎప్పుడు ఊరికే కూర్చున్నానో ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాదు. ఆయన ఈ సంఘానికి కార్యదర్శి. ఆయన అన్నగారు, అంటే మా బావగారు, అధ్యక్షులు. కింద హాల్లో మధ్యాహ్నాలు పెద్దవాళ్ళు వచ్చి కబుర్లు చెప్పుకుంటారు, బడి వదిలాక పిల్లలు వస్తారు. మేడ మీద గదిలో బావగారు పిల్లలకి ఉచితంగా కీబోర్డు నేర్పుతారు. ఫీజు పుచ్చుకోని మనిషంటే అందరికీ గౌరవమే, ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు.

పిల్లలూ వృద్ధులూ వచ్చే ప్రతి సంస్థలో భద్రత చూసుకునే మనిషి ఒకరుండాలనీ, ఆ మనిషి ఫోటో అందరికీ కనపడేలా పెట్టాలనీ పైనుంచి నిబంధన వచ్చింది. లేకపోతే మునిసిపాలిటీవాళ్ళు హాలు మాకివ్వరట. ఎవరిని పెట్టాలా అని అంతా తలలు పట్టుకుంటే బావగారే తేల్చేశారు. "బయటివాళ్ళెందుకురా, మీ ఆవిడ ఉందిగా. నోట్లో నాలుక లేని మనిషి" అన్నారు. నన్ను మెచ్చుకున్నారనుకుని రెండో విడత టీ కూడా పెట్టాను. ఏదో పెళ్ళిలో గుంపుగా దిగిన ఫోటోలోంచి నా మొహం కత్తిరించారు, పక్కనెవరిదో భుజం కూడా కొంచెం వచ్చింది. దాని కింద 'మీకు భయమేసినా, ఇబ్బంది కలిగినా ఈవిడతో చెప్పండి' అని పెద్ద అక్షరాలతో అచ్చువేసి చెప్పులు విడిచే చోట అంటించారు. "ఫోటోలకెక్కేంత ఘనకార్యం ఏం చేశావమ్మా?" అని అత్తగారు అడిగారు. కూరలో ఉప్పెక్కువైందని తప్ప అప్పటిదాకా నాతో ఎవరూ ఏమీ చెప్పుకోలేదు.

"ఒక పూట కూర్చుని సర్టిఫికెట్ తెచ్చెయ్, అంతే" అని మా ఆయన నన్ను శిక్షణకి పంపారు. వెనక వరసలో కూర్చుని కునుకు తీద్దామనే వెళ్ళాను, కానీ పాఠం చెప్పినావిడ కునుకు తియ్యనివ్వలేదు. పిల్లలు చెబితే నమ్మండి, గుచ్చిగుచ్చి అడక్కండి, ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వకండి, మీలో మీరు పంచాయితీ పెట్టుకోకుండా బాలల రక్షణ ఆఫీసుకి చెప్పండి అంది. పెద్దవాళ్ళెవరూ ఒక్క పిల్లతో తలుపేసిన గదిలో ఉండకూడదు అని కూడా అంది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా ఆయన నవ్వారు. "తలుపు తీస్తే కింద పెద్దవాళ్ళకి చప్పుడు కాదూ? అన్నయ్య అంత ఆలోచించే వేస్తాడు" అన్నారు. నేనూ తలాడించాను. ఈ ఇంట్లో నాకు బాగా వచ్చిన పని అదే.

ఈరోజు హాలు వెనక వంటగదిలో సింకు దగ్గర నిలబడి కప్పులు తోముతుంటే కొంగెవరో లాగారు. బావగారి దగ్గర నేర్చుకునే పిల్ల. ముందుపళ్ళు ఊడి ఇంకా పూర్తిగా రాలేదు.

"ఆంటీ, గోడ మీద ఫోటో మీదేనా?"

"నాదేనమ్మా, గుర్తుపట్టేలా ఉందా?"

అది నవ్వలేదు. "అయితే మీతో చెప్పొచ్చా? అలా రాసుంది కదా."

కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని కింద కూర్చున్నాను. "చెప్పొచ్చు" అన్నాను.

"క్లాసయ్యాక సార్ నన్నొక్కదాన్నే ఉండమంటారు. తలుపేస్తారు. దగ్గరికి లాక్కుంటారు. వద్దన్నా వినరు. ఇంట్లో చెబితే క్లాసులోంచి తీసేస్తారట." ఇదంతా నేలకేసి చూస్తూ చెప్పింది. తర్వాత తలెత్తి, "మీరెవరికీ చెప్పరు కదా?" అంది.

చెప్పనని అనేసి ఆ తల నిమిరితే ఎంత సులువు! "అలా మాటివ్వలేనమ్మా. నిన్ను జాగ్రత్తగా చూసుకునేవాళ్ళకి చెప్తాను. నువ్వు తప్పేమీ చెయ్యలేదు, నాతో చెప్పి మంచి పని చేశావు" అన్నాను. వాళ్ళమ్మ వచ్చేదాకా నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. ఆవిడకీ ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ పిల్లని గట్టిగా పట్టుకుని ఏడుస్తూ వెళ్ళింది. ఎదురొచ్చిన మా ఆయన ఆ ఏడుపు చూసి లోపలికొచ్చి ఏమైందని అడిగారు. అప్పటికే ఫోన్ నా చేతిలో ఉంది. ఆయన సంగతి విని వంటగది తలుపు మూసేశారు.

"ఎవరికి ఫోను? నీకు మతి గానీ పోయిందా? నాన్న పోయాక మమ్మల్ని పెంచి పెద్దచేసినవాడు! చిన్నపిల్ల ఏదో అందని కొంప ముంచుతావా?"

"ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు."

"ఆ ఫోటో హాలు కోసం పెట్టింది. దాన్ని పట్టుకుని నువ్వు నిజంగానే…"

"దానికది తెలీదండీ. చదివింది, నమ్మింది, వచ్చింది."

ఆయన గొంతు తగ్గించారు. నన్ను బతిమాలేటప్పుడు వాడే గొంతది, మా పెళ్ళయ్యాక చాలా తక్కువసార్లు విన్నాను. "సరే. అన్నయ్యతో నేను మాట్లాడతాను. ఆ పిల్లని మెల్లగా మాన్పించేద్దాం. మనమ్మాయిని మాన్పించలేదూ? ఏ గొడవా లేకుండా అయిపోలేదూ?"

పోయినేడాది ఈయనే ఉన్నట్టుండి కీబోర్డు వద్దు, లెక్కలు చూసుకోమన్నారు. మా అమ్మాయి రెండురోజులు అన్నం ముందు మొహం మాడ్చుకుని కూర్చుంది. ఈయనకి పిల్ల చదువు మీద ఇంత శ్రద్ధా అని నేను మురిసిపోయాను కూడా.

"మనమ్మాయిని ఎందుకు మాన్పించారు?"

"దానికేం కాలేదు, ఒట్టు! అన్నయ్య ధోరణి నచ్చలేదు, ముందే మాన్పించాను. తండ్రిని, ఆ మాత్రం చూసుకోనా?"

"మరి మిగతా పిల్లలు?"

"వాళ్ళకీ తండ్రులున్నారుగా" అన్నారు. అలా అన్నందుకు ఆయనకే సిగ్గేసినట్టుంది, మొహం తిప్పుకున్నారు.

నాకు సిగ్గెయ్యలేదు. ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ ఈ మనిషికి కోపం రాకుండా చూసుకోవడమే కాపురం అనుకున్నాను. నా కోపం ఎక్కడ దాచుకున్నానో ఇప్పుడు దొరికింది, దాన్ని వదలదలచుకోలేదు. ఆయన ముందే బాలల రక్షణ ఆఫీసు నంబరు నొక్కాను.

అవతల ఒకావిడ నెమ్మదిగా అడుగుతోంది, నేను చెబుతున్నాను. పిల్ల చెప్పింది చెప్పినట్టే చెప్పాను. ఎవరి మీద అని అడిగితే మా బావగారి పేరు చెప్పాను. మా ఆయన ఎదురుగా నిలబడి రెండు చేతులూ జోడించారు.

"ఈ సంగతి ఇంతకుముందు ఇంకెవరికైనా తెలుసా అమ్మా?" అని ఆవిడ అడిగింది.

ఆయన తెలీదని చెప్పమన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నారు.

"తెలుసండీ. మా ఆయనకి పోయినేడాదే తెలుసు. ఇక్కడే ఉన్నారు, రాసుకోండి" అన్నాను.