తమ్ముడు తోలిన మట్టి

“ఉప్పుగాలి కొట్టి మొక్కలన్నీ మాడిపోతే ఏం చేసేది మహాలక్ష్మీ?” అంది చెంచమ్మ. అప్పటికింకా మడి కట్టలేదు, గింజ చల్లలేదు.

“నువ్వు భయపడని రోజు ఏదన్నా ఉంటే చెప్పుమా, క్యాలెండర్లో సున్నా చుట్టుకుంటా,” అని కూతురు నవ్వింది.

నవ్వినా ఆ పిల్లకు ఆయాసమే. కాలేజీలో కళ్లు తిరిగి పడిపోయినప్పటి నుంచి చెంచమ్మకు కంటి మీద కునుకు లేదు. రక్తం తక్కువగా ఉంది, ఆకుకూరలు బాగా పెట్టమన్నాడు డాక్టరు. అంగట్లో కొన్న కూరకు ఏ మందు కొట్టి ఉంటారో, అది తింటే పిల్లకు ఉన్న రక్తం కూడా పోతుందేమోనని తల్లి దిగులు. అందుకే చలి తగ్గగానే పెరట్లో తోటకూర, గోంగూర, బెండ వేస్తానని కూర్చుంది.

పెరడు ఒట్టి ఇసక. సముద్రానికి కూతవేటు దూరంలో ఇసక కాక ఇంకేముంటుంది? చెరువు మట్టి తోలిస్తే గానీ మొక్క నిలవదు. ఆ మాట తమ్ముడు హజరత్తయ్య చెవిన వేసింది. అతను ట్రాక్టరు నడుపుతాడు. నీకెందుకక్కా, మంచి చెరువు మట్టి నేను తోలతానన్నాడు. అన్నట్టే ఒక పొద్దున నల్లటి మట్టి తెచ్చి పెరటి గుమ్మం ముందు ట్రాక్టరు ఆపాడు.

బయటి మట్టి వస్తే, ఉప్పు తగులుతుందేమోనని చిటికెడు నాలుక మీద వేసుకుని చూడనిదే ఆ ఊళ్లో ఎవరూ దించనివ్వరు. చెంచమ్మ అయితే కుళాయి నీళ్లు కూడా చప్పరించి గానీ మింగదు. ఆ రోజు మాత్రం సాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తోడబుట్టినవాడి మట్టిని వాడి ఎదుటే రుచి చూస్తే వాడి మనసు ఏమైపోతుంది? లోపలికి పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

మొలకలు వచ్చాయి. తల్లీకూతుళ్లు సాయంత్రాలు మడి పక్కనే కూర్చునేవాళ్లు. అంతలోనే ఆకుల అంచులు కాలినట్టయ్యాయి. గాలి అనుకుని తాటాకు దడి కట్టింది. ఎండ అనుకుని పాత చీర కప్పింది. తడి ఆరిన చోటల్లా తెల్లటి పొర తేలుతుంటే, అప్పుడు వంగి చిటికెడు నోట్లో వేసుకుంది.

ఉప్పు. ఉప్పుతో పాటు కుళ్లిన మేత కంపు. రొయ్యలు పట్టేశాక గుంట అడుగున గీకి పారేసే బురద అది.

ఆదివారం హజరత్తయ్య అన్నానికి వచ్చాడు. చెంచమ్మ చేపల పులుసు వడ్డించి ఎదురుగా కూర్చుంది.

“ఏ చెరువుదిరా అబ్బయా ఆ మట్టి?”

అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

“ఇంత ఊళ్లో నా పెరడే దొరికిందా నీకు? నా బిడ్డ కోసమని చెప్పినా గదరా.”

మహాలక్ష్మి మేనమామ ముఖం వంకే చూస్తోంది. పెరట్లో కోడి చేరి మిగిలిన నాలుగు మొలకలనూ గీరుతోంది. ఇంకో రోజైతే చెంచమ్మ పరుగెత్తేది. ఇవాళ లేవలేదు. హజరత్తయ్య వేళ్లకంటిన అన్నం ఎండిపోయింది.

“ఆ గుంట బురద యాడన్నా పోసి రమ్మన్నాడు మా ఓనరు,” అన్నాడు చివరికి, తల ఎత్తకుండా. “ఎవరింటికి పోయినా నాలిక మీద ఏసుకుని చూసి ఎనక్కి పంపినారు. నువ్వయితే నా ఎదురుగా రుచి చూడవని తెలుసక్కా.”