యాంటెన్నా మీద వాలిన రాణి

పూలు ఎక్కడుంటే మా కాపురం అక్కడ. తేనెటీగల పెట్టెల్ని సాయంత్రం ఈగలన్నీ గూటికి చేరాక లారీకి ఎక్కించి పంపించి, వెనకాలే మేము ముగ్గురం మా పాత వ్యాన్‌లో బయల్దేరుతాం. మా ఆయన, నేను, మా అమ్మాయి. దాన్ని గువ్వ అని పిలుస్తాం. వ్యాన్‌లోనే పడక, వ్యాన్‌లోనే వంట. పొద్దున్నే లేచి అద్దం మీద మంచు తుడిస్తే ఒక్కోసారి తెల్లటి పూలు, ఒక్కోసారి పచ్చటి పూలు కనిపిస్తాయి. నిన్న ఎక్కడున్నామో, ఇవాళ ఎక్కడికొచ్చామో గుర్తు రావడానికి కాస్త సేపు పడుతుంది. కల ఇంకా అయిపోలేదేమో అనిపిస్తుంది.

నాకు మాత్రం ఏ పూలు చూసినా భయమే. వానకి రాలిపోతాయేమో, ఎవరైనా పురుగుల మందు కొట్టారేమో అని. "నీ భయాలు మోయడానికి ఇంకో వ్యాన్ కొనాలే" అంటారు మా ఆయన.

ఈసారి భయం గువ్వ చదువు గురించి. స్కూలువాళ్లు కచ్చితంగా చెప్పేశారు. రోజూ ఇంటర్నెట్‌లో క్లాసుకి కూర్చోగలిగితేనే వ్యాన్‌లోంచి చదువుకోనిస్తారట. ముందుగా ఒక నోటి పరీక్ష పెడతారట. మధ్యలో లైను తెగిపోతే పిల్ల ఊళ్లోనే ఉండి స్కూలుకి రావాల్సిందేనట. అంటే వాళ్ల పిన్ని దగ్గర వదిలి వెళ్లాలి. నా చెల్లెలికి గువ్వంటే ప్రాణమే. కానీ వాళ్లుండేది నాలుగో అంతస్తు. ఆ బాల్కనీ పిట్టగోడ నా నడుము దాకా కూడా రాదు.

"వ్యాన్‌కే ఇంటర్నెట్ పెట్టిద్దాం" అన్నారు మా ఆయన.

అప్పుడు రెండో భయం పట్టుకుంది. ఆ తరంగాలు తగిలితే తేనెటీగలు దారి తప్పిపోతాయని ఎవరో అనగా విన్నాను. ఇటు పిల్ల, అటు ఈగలు. మధ్యలో నేను.

మెకానిక్ షెడ్డులో మా వ్యాన్ నోరు తెరుచుకుని నిలబడింది. సీట్లు తీసి బయట పెట్టారు. మెకానిక్ నిచ్చెనెక్కి కప్పుకి చిల్లు పెడుతుంటే నా నెత్తికే పెడుతున్నట్టుంది.

"వాన పడితే ఎలా బాబూ?" అన్నాను.

"రబ్బరు వాషరు వేసి చుట్టూ జిగురు పూస్తానక్కా. నీళ్లే కాదు, మీ అనుమానం కూడా లోపలికి దూరదు."

చిల్లు మీద మూరెడు కడ్డీ ఒకటి బిగించాడు. అదే యాంటెన్నా. దాని వైరుని తలుపు పక్క నుంచి కిందికి దించి, సీటు కింద ఒక నల్లటి డబ్బాకి తగిలించాడు. డబ్బాలో సిమ్ము వేశాడు.

"ఇది బ్యాటరీ తాగేస్తే? ఆ పొలాల మధ్య బండి కదలకపోతే?"

"దీనికి వేరే బ్యాటరీ పెట్టానక్కా."

"మరి అది వేడెక్కితే?"

"ఫ్యూజు పోతుంది."

"ఫ్యూజు పోకపోతే?"

"తమ్ముడూ, నువ్వు జవాబులు చెప్పుకుంటూ పోతే నీకు పెళ్లీడు దాటిపోతుంది" అన్నారు మా ఆయన.

"పెళ్లయిందన్నా. ఇంట్లో ఇవే ప్రశ్నలు. అందుకే షెడ్డులో ఎక్కువసేపుంటా."

డబ్బా మీద చిన్న చిన్న ఆకుపచ్చ దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. ఈ లైనుకి పేరొకటి పెట్టాలని మెకానిక్ అంటే గువ్వ ఫోను అందుకుని చకచకా కొట్టేసింది. తొంగిచూశాను. 'భయపడకమ్మా' అని ఉంది.

పొద్దుతిరుగుడు పొలాల మధ్య పెట్టెలు దించాం. ఎటు చూసినా పచ్చటి ముఖాలు, అన్నీ ఒకే వైపు తిరిగి దేనికోసమో ఎదురు చూస్తున్నట్టు. మొదటి సాయంత్రం పెట్టెల ముందు గొంతుక్కూర్చుని, తిరిగొచ్చే ఈగల్ని చూశాను. కాళ్లకి పుప్పొడి పూసుకుని, మత్తులో తేలుతున్నట్టు వచ్చి వాలుతున్నాయి.

"అన్నీ వచ్చాయంటారా?" అన్నాను.

"నువ్వు హాజరు తీసుకో, నేను పడుకుంటా" అన్నారాయన.

అన్నీ వచ్చినట్టే ఉన్నాయి. తరంగాల భయం కొంచెం సద్దుమణిగింది.

పరీక్ష రోజు పొద్దున గువ్వ నున్నగా తల దువ్వుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. గాలి చప్పుడు రాకుండా తలుపులేసి నేను బయట నిలబడ్డాను. కప్పు మీది చిన్న కిటికీలోంచి దాని గొంతు వినిపిస్తోంది. టీచరుకి నమస్కారం చెప్పింది. హమ్మయ్య, లైను కలిసింది అనుకున్నాను.

అంతలో గాలిలో రొద మారింది. తేనెటీగలతో బతికేవాళ్లకి ఆ రొద నిద్రలోనూ తెలుస్తుంది. ఒక పెట్టెలోంచి ఈగలు పొంగే పాలలా బయటికి వస్తున్నాయి. గూట్లో కొత్త రాణి పుట్టబోతుంటే పాత రాణి సగం ఈగల్ని వెంటేసుకుని వెళ్లిపోతుంది. ఎక్కడో ఒకచోట కాసేపు ఆగి, చోటు దొరికాక ఎగిరిపోతుంది. ఆ కాసేపట్లో పట్టుకుంటే మనవి. లేకపోతే లేదు.

అవి వచ్చి వచ్చి మా వ్యాన్ యాంటెన్నా మీద వాలాయి. చూస్తుండగానే కడ్డీ కనబడకుండా పోయింది. గోధుమరంగు గుత్తి ఒకటి మెరుస్తూ, ఊపిరి పీలుస్తున్నట్టు కదులుతూ వేలాడింది.

మా ఆయన ఖాళీ పెట్టె చంకన పెట్టుకుని నిచ్చెనతో పరిగెత్తుకొచ్చారు. "ఒక్క కుదుపు చాలు, దబ్బున పెట్టెలో పడతాయి."

కుదిపితే లైను తెగదూ! గబుక్కున నిచ్చెన పట్టుకున్నాను. "వద్దండీ. లోపల పరీక్ష."

"సగం పెట్టె పోతుందే! దీని తేనె, దీని పిల్లలు, ఈ ఏడాదంతా!"

"పోనీండి."

"బొద్దింకని చూసి మంచమెక్కేదానివి. నీకింత ధైర్యం ఎక్కడిది?"

"ధైర్యమెక్కడిదండీ. ఇది పెద్ద భయం, అంతే."

ఆయన నా ముఖంలోకి చూసి, ఏమనుకున్నారో, పెట్టె కింద పెట్టారు. నీళ్లు చిమ్మే పిచికారీ పంపు తెచ్చిచ్చారు. "సన్నగా చల్లుతూ ఉండు. వాన అనుకుని కదలకుండా ఉంటాయి. అదృష్టం ఉంటే పరీక్ష అయ్యేదాకా ఉంటాయి."

నిచ్చెనెక్కాను. ముఖానికి జానెడు దూరంలో వేల రెక్కలు. నీటి తుంపర పడ్డప్పుడల్లా ఎండలో చిన్న ఇంద్రధనుస్సు లేచి ఈగల మీద వాలుతోంది. రొద సన్నబడి జోలపాటలా అయింది. నా కళ్లు బరువెక్కాయి. పొలమూ నేనూ ఈగలూ అన్నీ ఒకే నీళ్లలో తేలుతున్నట్టుంది.

కింద గువ్వ చెబుతోంది. ఆకు ఎండని పట్టుకుని తిండిగా మార్చుకుంటుందట. ఎప్పుడు నేర్చుకుంది ఇవన్నీ? ఆ గుత్తి నడుమ ఎక్కడో పాత రాణి ఉంటుంది. వీటిలో ఇల్లు వదిలి వెళ్లేది తల్లి, కూతురు కాదు. తల్లికి అలా వెళ్లడం ఎలా చేతనవుతుందో!

"మేడం... మేడం, వినిపిస్తోందా?" అంది గువ్వ ఉన్నట్టుండి.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కడ్డీని ఈగలు కప్పేశాయనా? నేను నీళ్లు కొట్టాననా? పంపు నొక్కడం ఆపేశాను. ఒక్క ఈగ నా చెంప మీద వాలి అటూ ఇటూ నడిచింది.

"ఆఁ, ఇప్పుడు వినిపిస్తోంది. చెప్పమ్మా" అంది టీచరు గొంతు.

మళ్లీ పంపు నొక్కాను. గాలి మాత్రమే వచ్చింది. నీళ్లయిపోయాయి. ఎండ తగిలి గుత్తి అంచులు విచ్చుకుంటున్నాయి. మా ఆయన కింద నుంచి రహస్యంగా అడిగారు, "ఇదే ఆఖరు. ఇప్పుడు కుదిపితే దొరుకుతాయి. ఏమంటావు?"

కింద గువ్వ ఒక జవాబు మధ్యలో ఉంది. తల అడ్డంగా ఊపాను.

అవి లేచాయి. నా చుట్టూ, నా జుట్టులోంచి, నా చేతుల మధ్యలోంచి గోధుమరంగు గాలి ఒకటి సాగిపోయింది. ఒక్కటీ కుట్టలేదు. పచ్చటి పూల మీదుగా ఒక నీడలా జారి, దూరమై, చుక్కలై, కరిగిపోయాయి. మా ఆయన టోపీ తీసి నిలబడిపోయారు.

"సోమవారం నుంచి క్లాసు. వ్యాన్‌లోనే కూర్చో" అంటోంది టీచరు.

తలుపు దడాలున తెరుచుకుంది. "అమ్మా! విన్నావా?" అని అరిచి, గువ్వ నన్ను చూసి ఆగిపోయింది. "ఆ నిచ్చెన మీద ఏం చేస్తున్నావ్? తడిసి ముద్దయ్యావేంటి?"

దిగుదామంటే కాళ్లు రాలేదు. పిల్ల రెండు చేతులూ చాపి నా పాదాలు పట్టుకుంది. ఒక్కో మెట్టూ చూపిస్తూ కిందికి దించింది.

"ఏమండీ" అన్నాను, చూపు ఆ పూల చివరనే ఉంచి. "అటు మబ్బు పట్టినట్టుంది. చీకటి పడేలోపు వాటికి ఏదైనా చోటు దొరుకుతుందంటారా?"