చావింట్లో అనకూడని మాట

పేరమ్మ మొగుడు గుండెపోటుతో పోయి ఐదు రోజులైంది. రేపల్లె నుంచి, నగరం నుంచి పరామర్శకు వచ్చినవాళ్ళందరిదీ ఒకటే పాట: "గుండె రాయి చేసుకోవే, మేమంతా లేమా?" ఆ తర్వాత మాట్లాడకుండా లేచి వెళ్ళిపోతారు. చావింట్లో వెళ్ళొస్తామని అనకూడదు మరి.

పేరమ్మ మొగుడితో చేపల వేటకెళ్ళే శివనాగరాజుకు ఓదార్చడం చేతకాదు. అరగంట గోడ చూస్తూ కూర్చుని, అలవాటు కొద్దీ "వెళ్ళొస్తానక్కా" అంటూ లేచాడు.

ఇల్లంతా బిగుసుకుపోయింది.

"చావింట్లో ఆ మాటేంట్రా, బుద్ధి లేదూ?" పేరమ్మ చెల్లెలు దుర్గ కసిరింది. అతను నాలిక్కరుచుకున్నాడు.

ఐదు రోజుల్లో మొదటిసారి పేరమ్మ తలెత్తింది.

"ఊరుకోవే, వీడొక్కడన్నా వస్తానన్నాడు" అంది. "ఒరేయ్, వచ్చేటప్పుడు మీరిద్దరూ వేసే ఆ చిరిగిన వల పట్టుకురా. బాగుచేసి పెడతా."