మొదటి గ్లాసు

మా నాన్నను అమ్మవారు నూకాలమ్మ తీసుకుపోయిందని చిమిండైంగ్ పేటలో మా వీధంతా అనుకుంటోంది. కాదు. నేను కడగకుండా వదిలేసిన గొట్టం తీసుకుపోయింది. ఆ సంగతి అమ్మకు చెప్పాలా, కడుపులో దాచుకోవాలా అని పది రోజులు నాలో నేనే కొట్టుకున్నాను.

పక్క పేట సంచౌంగ్‌లో ఒక బీరు దుకాణంలో పద్నాలుగేళ్లు కెగ్గులు, అంటే బీరు నింపే స్టీలు పీపాలు, కడిగినవాణ్ని. అది మూతపడ్డాక రెండు పాత కెగ్గులు కొని ఇంట్లోనే బీరు చేస్తున్నాను. బీరు చేయడం ఎవడికైనా వస్తుంది, కడగడమే రాదు. రబ్బరు రింగులు ఒక్కొక్కటీ ఊడదీసి తోమాలి. కెగ్గు నుంచి బీరు పట్టే గొట్టంలో కాస్టిక్ సోడా నీళ్లు నింపి నాననివ్వాలి. తర్వాత మంచినీళ్లు పోస్తూనే ఉండాలి. ఎంతసేపని అడిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. బయటికొచ్చిన నీళ్లలో చిటికెడు పసుపు వేస్తే ఎర్రబడిందా, కాస్టిక్ ఇంకా ఉన్నట్టే. పసుపు పసుపుగా నిలిచేదాకా పోయాలి. ఇంత చేసినా మొదటి గ్లాసు తూములో పారబోస్తాను.

ఆ మొదటి గ్లాసు మీదే మా ఇంట్లో గొడవ. కొత్త కెగ్గు తెరిస్తే తొలి గ్లాసు అమ్మవారిదని అమ్మ పట్టు. వైజాగు నుంచి ఓడెక్కి ఈ దేశం వచ్చిన మా ముత్తాత కల్లు పెట్టేవాడట. అమ్మ ఆ బీరు గ్లాసు అమ్మవారి పటం ముందు పెట్టి, పసుపు వేసి, ఆ ప్రసాదం నాన్నకు ఇస్తుంది.

"మొదటిది పారబొయ్యాలే, రెండోది పెట్టుకో" అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో.

"అమ్మోరికి ఎంగిలి పెడతావేట్రా" అనేది.

వాదించే ఓపిక లేక, ఆమె చూడకుండా మొదటి గ్లాసు పారబోసి, రెండోదే మొదటిదని చెప్పి ఇవ్వడం అలవాటు చేసుకున్నాను. కూర్చోబెట్టి పసుపు సంగతి ఒక్కసారి చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. నా పొగరు.

ఆ మంగళవారం గొట్టంలో గార ఎక్కువగా పట్టిందని కాస్టిక్ చిక్కగా కలిపాను. నింపానో లేదో కరెంటు పోయింది. మోటారు ఆగింది, తొట్టిలో చుక్క లేదు. గొట్టం అలాగే వదిలి, డబ్బాలు పట్టుకుని నీళ్లకు పోయాను. ముట్టుకోవద్దని ఎవరికీ చెప్పలేదు.

నేను ఎంతకీ రాకపోయేసరికి, దీపం వేళ దాటిపోతోందని నాన్నే గొట్టాన్ని నిండు కెగ్గుకు తగిలించాడు. నొక్కితే టక్కున పట్టుకునే మూతి. నన్ను చూసి నేర్చుకున్నాడు. అమ్మ గ్లాసు పట్టింది, పటం ముందు పెట్టి పసుపు వేసింది.

నేను తిరిగొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"ఒరే సత్తీ, అమ్మోరు పలికిందిరా. గ్లాసంతా కుంకం నీళ్లైపోనాది. మీ నాన్న మీదికొచ్చీసినాది."

ఆమె వెనక నాన్న గొంతు పట్టుకుని గోడకు జారగిలబడి ఉన్నాడు. నోట్లోంచి చొంగ కారుతోంది. డబ్బాలు ఎక్కడ పడేశానో నాకు తెలియదు.

ఆస్పత్రిలో అమ్మను బయట కూర్చోబెట్టి డాక్టరమ్మకు నిజం చెప్పాను. గొంతూ అన్నవాహికా కాలిపోయాయని ఆమె అంది. నాన్న నాలుగు రోజులున్నాడు. ఒక్క మాట మాట్లాడలేకపోయాడు. పరామర్శకు వచ్చినవాళ్లందరికీ అమ్మ ఆ ఎర్రటి గ్లాసు సంగతే చెప్పింది. నేను పక్కనే కూర్చుని విన్నాను. సిగ్గు లేదు నాకు.

పదకొండో రోజు కర్మ అయ్యాక అమ్మ నా దగ్గరికి వచ్చింది.

"కొత్త కెగ్గు ఎప్పుడు తెరుస్తావురా? ఈపాలి తొలి గ్లాసు నాకియ్యి. నన్నూ పిలుస్తాదేమో."

ఇక దాచలేకపోయాను. కాస్టిక్, పసుపు, ఇన్నేళ్లూ దొంగచాటుగా పారబోసిన గ్లాసులు, అన్నీ చెప్పేశాను. "అమ్మవారు కాదే. నువ్వూ కాదు. నేనే" అన్నాను. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

అమ్మ ఏడవలేదు. తన చేతులవైపు చూసుకుంది.

"ఒక్క గుక్క తాగి, మండుతోందే అన్నాడ్రా మీ నాన్న. గ్లాసు దించీసినాడు," అంది. "పెసాదం మిగల్చకూడదని నానే పట్టుకుని అంతా తాగించినాను."