పాపను ఎత్తుకున్న చేతులు

"గీతలే కదా. ఆవిణ్ణి గీయకు. పీడా వదిలిపోతుంది," అన్నాడు భర్త, సాక్సులు విప్పి సోఫా కిందికి తోసేస్తూ.

అత్తగారికీ మామగారికీ పెళ్ళయి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. ఆదివారం బంధువులందరి ముందూ టీవీలో చూపించడానికి నలభై పేజీల ఫోటో పుస్తకం తయారవ్వాలి. తయారవ్వాలి అంటే చిన్నకోడలు తయారుచెయ్యాలని. అచ్చువేసే పుస్తకం కాదు, కంప్యూటర్లోదే. పేజీకో రంగు, మూలల్లో ఆకులూ పువ్వులూ, మధ్యలో పెన్సిల్‌తో గీసినట్టుండే ఫోటోలు. ఆమెకి ఈ విద్య వచ్చు. వచ్చని తెలిసిన రోజునించీ ఆడపడుచు పిల్లల పుట్టినరోజులు, మామగారి స్నేహితుడి రిటైర్మెంటు, భర్త పైఅధికారి కూతురి పెళ్ళి, అన్నీ ఆమె నెత్తినే. ఆఫీసులో ఎవరు బదిలీ అయినా వీడ్కోలు పేజీ ఆమే చెయ్యాలి, చేసినందుకు మెచ్చుకోలు మాత్రం మేనేజరుకి. "నువ్వు ఊరికే కూర్చుని చేసే పనేగా" అంటారు. అలా ఊరికే కూర్చోవడానికి ముందు ఇంటెడు బట్టలు మడతపెట్టాలి, అంట్లు తోమాలి, మామగారి మందులు సర్దాలి. అన్నవాళ్ళు ఒక్క రోజు కూర్చుని చూస్తే తెలుస్తుంది, నడుము ఎక్కడుందో.

ఈసారి చిక్కల్లా పెద్దకోడలితో. పదేళ్ళ కిందట ఈ ఇంట్లోంచి వెళ్ళిపోయిన మనిషి. విడాకులయ్యాయి, కూతురు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. "ఆవిడ మొహం ఒక్క పేజీలో కూడా కనపడకూడదు" అని అత్తగారి హుకుం. తీరా వెతికితే ఆవిడ ఈ ఇంట్లో ఉన్న ఆరేళ్ళలో ఆవిడ లేని ఫోటోయే లేదు. ఎందుకుంటుంది? అందరూ కూర్చుని నవ్వుతుంటే వెనక గ్లాసులు పట్టుకుని నిలబడింది ఆవిడ. మామగారి ఆపరేషనప్పుడు మంచం పట్టె మీద కునుకుతున్నది ఆవిడ. ఫోటో దిగడానికి కూడా తీరిక లేని మనిషి ప్రతి ఫోటోలోనూ ఉంది. ఆవిణ్ణి తీసేస్తే ఈ ఇంటి చరిత్రలో ఆరేళ్ళు గల్లంతవుతాయి. అందుకే భర్తకి ఆ తెలివైన ఉపాయం తట్టింది.

ఒక్క నొక్కుతో ఫోటోని బొమ్మగా మార్చే బటను ఉంది. కానీ అది నొక్కితే ముడతలన్నీ నల్లగా పైకి లేస్తాయి. "నన్ను నలిపేసిన సంచీలా చేశావేంటే!" అని అత్తగారు మొదటి పేజీకే గగ్గోలు పెట్టారు. అందుకని చేత్తోనే. ఫోటోని మసకగా అడుగున పెట్టి, పైన ఖాళీ పొర ఒకటి తెరిచి, కనిపించే అంచుల వెంట కంప్యూటరు కలంతో గీసుకుంటూ పోతుంది. అంతా అయ్యాక అడుగున ఉన్న ఫోటోని మాయం చేస్తే గీతలు మాత్రం మిగులుతాయి. ఎవర్ని గీయకపోతే వాళ్ళు లేనట్టే. రబ్బరు మరక కూడా ఉండదు.

ముప్పై ఒకటో పేజీ దాకా ఆమె చెయ్యి ఆగలేదు. పైగా అక్క, అదే ఆ పెద్దకోడలు, నిలబడ్డచోట ఓ కిటికీ గీసి, పూలకుండీ పెట్టి, "భలే కుదిరింది" అని మురిసిపోయింది కూడా. ఆ మురిపెం తల్చుకుంటే తర్వాత ఆమెకే సిగ్గేసింది.

ముప్పై రెండోది అక్క కూతురు పాప మూడో పుట్టినరోజు ఫోటో. ఆడి ఆడి అలిసిపోయి అక్క భుజమ్మీద నిద్రపోయింది పాప. పక్కనే అత్తగారు. అక్కని వదిలేసి గీస్తే పిల్ల గాల్లో వేలాడుతోంది.

"దానికంత ఆలోచన దేనికి? నా చేతులు పెట్టెయ్యి," అన్నారు అత్తగారు వెనకనించి తొంగిచూసి. "దాన్ని పెంచింది నేనేగా!"

పాపకి జ్వరమొస్తే లేచేదెవరో, బడికి జడలు వేసేదెవరో చిన్నకోడలికి తెలుసు. అయినా "సరే అత్తయ్యా" అంది. అత్తగారి భుజాలనించి గీత లాగి, అక్క చేతుల్ని ఉన్నవి ఉన్నట్టు గీసుకుంటూ పోయింది. ఎడమచేతి చిటికెనవేలు దగ్గర కలం ఆగిపోయింది. ఆ వేలు బయటికి వంకరపోయి ఉంది.

ఆ వేలు విరిగేనాటికి చిన్నకోడలు ఈ ఇంటికొచ్చి ఏడాది. మడతపెట్టిన బట్టలు తీసుకుని వరండాలో వస్తోంది. అక్క గుమ్మానికి చెయ్యి ఆనించి బావగారితో ఏదో చెబుతోంది. ఆయన ఆ చేతివైపు చూశాడు. చూసి, తలుపేశాడు. మళ్ళీ తెరిచి, మళ్ళీ వేశాడు. ఆస్పత్రికి తోడు వెళ్ళింది చిన్నకోడలే. "ఎలా జరిగిందమ్మా?" అని డాక్టరు అడిగింది అక్కని. అక్క నోరు తెరిచేలోగా ఈమే అందుకుంది: "గాలికి తలుపు పడింది డాక్టర్."

ఎవరూ చెప్పమనలేదు. భర్త కన్నెర్ర చెయ్యలేదు, అత్తగారు బతిమాలలేదు. మంచికోడలు అనిపించుకోవాలన్న యావ, అంతే. అక్క ఒక్కసారి ఆమె మొహంలోకి చూసి తల దించుకుంది. డాక్టరు ఆ మాటే కాగితం మీద రాసింది. తర్వాత కోర్టులో బావగారి లాయరు ఆ కాగితమే ఊపాడు, "స్వయంగా తోటికోడలే చెప్పింది కదండీ" అని. అక్క అబద్ధాలకోరైంది. పాప తండ్రికి దక్కింది. అక్క ఫోను చేసినప్పుడల్లా అత్తగారు ఎత్తి "పాప లేదు" అంటారు. పాపేమో అక్కడే అన్నం తింటూ ఉంటుంది. చిన్నకోడలు వడ్డిస్తూ ఉంటుంది.

మొగుణ్ణి తిట్టుకోవచ్చు, అత్తని తిట్టుకోవచ్చు, బావగారిని ఎలాగూ తిట్టుకోవచ్చు. ఆ మాట అన్న నోటిని ఏం చెయ్యాలి?

"పిన్నీ, నానమ్మ వేలు ఇలా ఉండదుగా?"

పాప. పద్నాలుగేళ్ళు. బడి సంచి భుజాన్నించి దించకుండానే తెరవైపు వంగింది.

"వంకరగా గీశావేంటి? తిడుతుంది చూడు."

సరిచెయ్యడం రెండు క్షణాల పని. కలం వేలి దాకా వెళ్ళింది కూడా. ఇప్పుడీ వేలు సాపు చేస్తే ఇక దీని జాడ ఎక్కడా ఉండదని తెలిసి ఆగింది. నానమ్మ బొమ్మని చెరిపేసి, అడుగు పొరని వెలిగించింది. మసకఫోటో మెల్లగా పైకి తేలింది. తనని మోస్తున్న మనిషిని పాప రెప్ప వెయ్యకుండా చూసింది.

"అమ్మా?"

"అమ్మే."

"నన్ను ఎత్తుకోను కూడా ఎత్తుకోలేదందిగా నానమ్మ!"

"అబద్ధం. నిన్ను కిందికి దించేది కాదు మీ అమ్మ."

"మరా వేలేంటి?"

ఆమె చెప్పింది. తలుపు సంగతి చెప్పింది, ఆస్పత్రి సంగతి చెప్పింది, తనన్న మాట అక్షరం మార్చకుండా చెప్పింది. 'చిన్నదాన్ని, భయపడ్డాను' అని ఓ ముక్క చేర్చాలని నాలుక మీదికి వచ్చింది. మింగేసింది. పాప ఏడవలేదు. పిన్ని కుర్చీ మీదినించి చెయ్యి తీసేసి ఓ అడుగు వెనక్కి జరిగింది. ఆ ఒక్క అడుగూ చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది.

"ఇది వాళ్ళందరికీ తెలుసా?"

"తలుపేసినాయనకి తెలుసు. నాకు తెలుసు. మిగతావాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు."

"అమ్మకి సారీ చెప్పావా?"

"లేదు."

"నాకెందుకు చెప్తున్నావు పిన్నీ? నేను సరేలే అనాలా?" అంది పాప. "నేననను. వెళ్ళి వాళ్ళకి చెప్పు. తర్వాత జడ్జికి చెప్పు."

హాల్లో భర్తా, బావగారూ, మామగారూ ఏదో ఆట చూస్తూ అరుస్తున్నారు. "ఏమే, పేజీ అయిందా? మగాళ్ళకి టీ పట్రా," అన్నారు అత్తగారు. రావాల్సిన మాట ఎప్పటిలా "వస్తున్నానత్తయ్యా" అనే. అది రాలేదు. లాప్‌టాపు చేతుల్లోకి తీసుకుంది. పాప తన వెనకే వస్తోందో లేదో తిరిగి చూడలేదు. వస్తుందని ఆశించే హక్కు తనకి లేదు. హాల్లోకి నడిచి, వాళ్ళకీ ఆటకీ మధ్య అడ్డంగా నిలబడింది.

"టీవీ కట్టెయ్యండి," అంది.